క్లెరిక్ తప్పు చేస్తే స్పెల్స్ ఆపేయొచ్చా? (మా బావమరిది అలిగాడు)

నిద్రలేని_డీఎం
ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, డైస్ వేస్తూ తలో పాత్రగా కథ నడిపే ఆట. నేను డీఎంని, అంటే మిగతా లోకాన్ని నడిపేవాణ్ణి. లోకం ఫర్గాటెన్ రెల్మ్స్, రూల్స్ 2014వి. పద్నాలుగు సెషన్లయ్యాయి, అందరూ ఆరో లెవెల్. మా పార్టీ క్లెరిక్, అంటే స్పెల్స్ (మంత్రాలు) వేసే పూజారి, లాథండర్ భక్తుడు, లైఫ్ డొమైన్ (దేవుడి శాఖల్లో ప్రాణం నిలిపేది). లాథండర్ అంటే తెలుసుగా, తెల్లవారుజాము దేవుడు. కొత్త జీవితం, ఆశ, అన్నీ మంచి మాటలే. ఈ పెద్దమనిషి ఏం చేశాడంటే, లొంగిపోయి చేతులు కట్టించుకున్న గాబ్లిన్‌ని (పొట్టి రాక్షసజాతి) రాత్రి తన కాపలా టైంలో చంపేశాడు. మర్నాడు దారిలో పాడుబడ్డ లాథండర్ గుడి కనిపిస్తే, అందులో వెండి దీపం సంచిలో వేసుకుని ఊళ్లో అమ్మేశాడు. తన దేవుడి గుడే!

ఆ మర్నాడు పొద్దున, రోజూలాగే ప్రార్థన చేసి ఆ రోజు స్పెల్స్ ప్రిపేర్ చేసుకుంటానన్నాడు. "ప్రార్థన చేశావు. తూర్పున సూర్యుడొచ్చాడు. అవతలి నుంచి మాత్రం ఏమీ రాలేదు" అన్నాను. టేబుల్ మీద ఎవరూ కిక్కురుమనలేదు. ఓ పది సెకన్లు నేనేదో గొప్ప సీన్ పండించానని మురిసిపోయాను కూడా. తర్వాత అతను డైస్ ఒక్కొక్కటే డబ్బాలో వేసుకుని, మూత బిగించి, "రూల్ చూపించు బావా" అని లేచి వెళ్లిపోయాడు.

అవును, బావమరిదే. ఇప్పుడు ఫోనెత్తట్లేదు. ఇంట్లో మా ఆవిడ వడ్డిస్తుంటే గరిటె చప్పుడు పెరిగింది.

ఇంతకీ క్లెరిక్ మేజిక్ ఎక్కణ్ణించి వస్తుంది? దేవుడు ఇస్తే వచ్చేదే అయితే దేవుడు ఆపేయొచ్చు కదా? ఆ దేవుణ్ణి నడిపేది నేనేగా?

రూల్స్_రామబాణం
రూల్ లేదు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పాలడిన్ అనే యోధుడు ఒట్టు తప్పితే ఏమవుతుందో ఓ పెట్టెలో రాశారు. క్లెరిక్‌కి అలాంటిదేమీ రాయలేదు. 3వ ఎడిషన్‌లో ఉండేది. దేవుడి నియమం ఘోరంగా తప్పితే స్పెల్స్ మొత్తం పోతాయి, ప్రాయశ్చిత్తం చేసుకుంటేనే తిరిగొస్తాయి. దానికోసం అటోన్‌మెంట్ అని ఐదో లెవెల్ స్పెల్ కూడా పెట్టారు. మీరు ఆడేది ఆ ఎడిషన్ కాదు. మీ బావమరిదిదే రైటు.

పెసరట్టు_పాలడిన్
"ఆ దేవుణ్ణి నడిపేది నేనేగా" – ఈ ముక్క ఫ్రేం కట్టించుకో గురూ.

గోల్కొండ_గాబ్లిన్
గాబ్లిన్ జాతి తరఫున గా క్లెరిక్ మీద కేసు పెడ్తున్న. చేతులు కట్టేసినంక చంపుడేంది?

నిద్రలేని_డీఎం
@రామబాణం రూల్ లేకపోతే ఏం, కథలో లాజిక్ ఉండాలిగా. "దేవుళ్ల శక్తి క్లెరిక్ ద్వారా లోకంలోకి ప్రవహిస్తుంది" అనే అర్థంలో వాళ్లే రాశారు. కుళాయి ఆయన చేతిలో ఉన్నట్టేగా?

పాతట్రంకుపెట్టె
"దేవుడిస్తాడు" అని అందరూ అలవాటుగా అనేస్తున్నారు. మొదట్లో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1974లో ఈ ఆట సృష్టికర్తలు గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన మూడు చిన్న పుస్తకాల్లో క్లెరిక్ ఫలానా దేవుణ్ణి కొలుస్తాడని పేరే ఉండదు. అసలు ఆ క్లాస్ (పాత్ర రకం) పుట్టింది దేవుడి కోసం కాదు. ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫాంగ్ అని ఓ ప్లేయర్ క్యారెక్టర్ రక్తపిశాచి అయి, ఎవరికీ లొంగకుండా తయారయ్యాడు. అతనికి ముకుతాడు వేయడానికి, పాత హారర్ సినిమాల్లో సిలువ పట్టుకుని పిశాచాల్ని వేటాడతాడే, అలాంటి మనిషి కావాల్సొచ్చాడు. అతనే క్లెరిక్. ముందు పిశాచం, దేవుడు తర్వాత.

అప్పట్లో ఫస్ట్ లెవెల్ క్లెరిక్‌కి ఒక్క స్పెల్లూ లేదు, రెండో లెవెల్‌కి గానీ రాదు. లెవెల్‌కో బిరుదు. అకొలైట్‌తో మొదలై విలేజ్ ప్రీస్ట్, వికార్ అంటూ పోయి బిషప్ అవుతాడు. బిషప్‌కి ప్రమోషన్ వస్తే? లామా! ఇది ఏ మతమో ఎవరైనా చెప్పగలిగితే చెప్పండి, నేను ముప్పై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను.

నీ ప్రశ్నకి సూటిగా జవాబున్నది 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో. అందులో గైగాక్స్ మూడంచెలు పెట్టాడు. 1, 2 లెవెల్ స్పెల్స్ క్లెరిక్ తన శిక్షణతో, భక్తితో తనే తెచ్చుకుంటాడు. 3 నుంచి 5 దాకా దేవుడి కింద పనిచేసే దూతలు అందిస్తారు. 6, 7 మాత్రం దేవుడే స్వయంగా ఇస్తాడు. ఆదాయం సర్టిఫికెట్ కోసం కలెక్టర్ దాకా వెళ్లం కదా, అలాగ.

మీవాడు ఆరో లెవెల్ అన్నావు. అది క్యారెక్టర్ లెవెల్. అప్పుడు ఎంత పెద్ద స్పెల్లయినా మూడో స్పెల్ లెవెల్ దాటదు. ఈ లెక్కన లాథండర్ దగ్గరికి అతని ఫైలే ఇంకా చేరలేదు. నువ్వు నేరుగా దేవుడి చేత మూతి ముడిపించేశావు.

పెసరట్టు_పాలడిన్
ఫైలు మధ్యలో గుమస్తా దగ్గర ఆగిందన్నమాట. చెయ్యి తడపాలి. వెండి దీపం ఉంటే బాగుండేది. అయ్యో, అమ్మేశాడుగా.

ఎబరాన్_రైలు
నాకు ఈ కుళాయి గోలే నచ్చదు. 2004లో వచ్చిన ఎబరాన్ అనే ఇంకో ఆట లోకం చూడండి. అక్కడ దేవుళ్లని ఎవరూ చూడలేదు. ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు. క్లెరిక్‌లకి స్పెల్స్ మాత్రం వస్తాయి. లంచగొండి పూజారికీ వస్తాయి, గుడి సొమ్ము తినేవాడికీ వస్తాయి. బ్లడ్ ఆఫ్ వోల్ అని ఒక మతముంది, వాళ్లు దేవుళ్లనే నమ్మరు, దైవత్వం మన రక్తంలోనే ఉందంటారు. వాళ్లకీ వస్తాయి. పనిచేసేది నమ్మకం, యజమాని కాదు. నిజంగా కంపు కొట్టే మఠాధిపతి కథ నడపాలంటే ఇదే పద్ధతి. లేకపోతే "స్పెల్ వేసి చూపించు, వచ్చిందా, అయితే నువ్వు మంచివాడివే" అని ఐదు నిమిషాల్లో దొంగ దొరికిపోతాడు.

రూల్స్_రామబాణం
@ఎబరాన్_రైలు వాళ్లాడేది రెల్మ్స్. అక్కడ దేవుళ్లు వీధుల్లో తిరిగారు. టైం ఆఫ్ ట్రబుల్స్ అనే ఘట్టంలో ఆవో అనే పైవాడు దాదాపు దేవుళ్లందర్నీ కిందకి తోసేశాడు, తమ దేవుడు దగ్గర్లో లేకపోతే క్లెరిక్‌లకి స్పెల్స్ రావడమే మానేశాయి. అంటే రెల్మ్స్‌లో కుళాయి ఉంది. అది మూసుకుపోయిన చరిత్ర కూడా ఉంది.

ఎబరాన్_రైలు
ఆ కథ చివరిదాకా చెప్పు మరి. అదంతా అయ్యాక దేవుడి బలం భక్తుల మీద ఆధారపడేలా ఆవో మార్చేశాడు. భక్తుడు తగ్గితే దేవుడికీ తగ్గుతుంది. అలాంటప్పుడు ఒక్క దీపం కోసం ఆరో లెవెల్ క్లెరిక్‌ని వదులుకునే దేవుడెవడు?

పెసరట్టు_పాలడిన్
ఓటరుని వదులుకోడు. ఎలక్షన్ ముందు అసలే వదులుకోడు.

నిమ్మకాయ_నెక్రోమాన్సర్
నా అనుభవం వేరు. 3వ ఎడిషన్ రోజుల్లో మా గ్రూపులో ఒకడు పక్కా నాస్తికుడు. ఆటలో కూడా దణ్ణం పెట్టనన్నాడు. పార్టీకేమో హీలర్ కావాలి. అప్పటి రూల్‌బుక్‌లో దేవుడు లేకుండా రెండు డొమైన్లు ఎంచుకోవచ్చని ఉంది, సరే ట్రావెల్, లక్ తీసుకున్నాడు. "మరి పొద్దున్నే ఎవరికి ప్రార్థన చేస్తావురా?" అంటే "చివరి బస్సు దొరుకుతుందనే ఆశకి" అన్నాడు. రెండేళ్లు అదే మతం. ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే వాడి మంత్రం "ఆపండి, ఆపండి, ఒక్కళ్లున్నారు!"

చెప్పొచ్చేదేంటంటే, వాడి స్పెల్స్ ఆపేయాలనే ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఆపేవాడు లేడు కాబట్టి. నీ సమస్య మేజిక్‌ది కాదు, కుర్చీలో కూర్చున్న దేవుడిది.

డల్లాస్_డంజన్
మేం పాత్‌ఫైండర్ ఆడతాం, ఇలాంటిదే ఇంకో ఆట. 2019లో వచ్చిన సెకండ్ ఎడిషన్‌లో ప్రతి దేవుడి కిందా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని ముందే రాసి ఉంటుంది. క్యారెక్టర్ చేసేటప్పుడే చదువుకుంటాం. తర్వాత "నాకు తెలీదు" అనడానికి లేదు, డీఎంకి కూడా "నాకిప్పుడే అనిపించింది" అనడానికి లేదు. @నిద్రలేని_డీఎం లాథండర్ ఏం ఒప్పుకోడో మీరు ముందు చెప్పారా?

పనిలో పని, ఆ లోకంలో రజ్మీర్ అని ఒకడున్నాడు. దేవుణ్ణని చెప్పుకుంటాడు, లోపల చూస్తే విజార్డ్, ఉత్త మంత్రగాడు. అతని పూజారుల మహిమలూ టోపీయే. మా టేబుల్లో ఒకమ్మాయి అలాంటి పూజారిని ఆడింది, మాక్కూడా చెప్పకుండా! ఎనిమిది సెషన్లు ఆవిడ "దీవెన" అని మా నోట్లో పోసింది బజార్లో కొన్న పోషన్. ఖర్చు పార్టీ ఖాతాలోనే రాసింది. విరాళాలట.

పెసరట్టు_పాలడిన్
ఆ అమ్మాయిది బిజినెస్ బుర్ర.

నిద్రలేని_డీఎం
@డల్లాస్_డంజన్ ముందు చెప్పలేదు. లైఫ్ డొమైన్ వాడికి, కట్టేసిన ఖైదీని చంపకూడదని విడిగా చెప్పాలా అండీ?

తులసికోట
మొత్తం చదివాను. నేను ఆడటం మొదలెట్టి ఏడాదే అయింది, తప్పయితే సరిదిద్దండి. ఇవ్వడమంటే మెచ్చుకోవడమనే మీరంతా అనుకుంటున్నారు. మనం విన్న కథల్లో అలా ఉండదు కదా? భస్మాసురుడికి వరమిచ్చినప్పుడు శివుడు వాడి గుణం చూసి ఇవ్వలేదు. తపస్సు చేశాడు, ఇవ్వక తప్పలేదు. ఇచ్చాక వెనక్కి తీసుకోలేక ఆయనే పరుగెత్తాల్సొచ్చింది. చివరికి మోహిని వచ్చి వాడి చేతిని వాడి నెత్తినే పెట్టించింది తప్ప వరాన్ని ఎవరూ రద్దు చేయలేదు.

కర్ణుడిది ఇంకో రకం. పరశురాముడు నేర్పిన విద్యని లాక్కోలేదు. అవసరమైన వేళకి గుర్తుకు రాదని శపించాడు, అంతే. పొద్దున్నే మొత్తం ఆపేయడం కన్నా ఇది నాకు బాగా అనిపిస్తుంది.

డల్లాస్_డంజన్
@తులసికోట భలే పాయింటండీ. కానీ భస్మాసురుడు క్లెరిక్ కాదు, వార్‌లాక్, అంటే ఒప్పందం మీద శక్తి తెచ్చుకునేవాడు. నువ్వు ఇది చెయ్యి, నేను అది ఇస్తాను, ఆ తర్వాత నీ దారి నీది. క్లెరిక్ రోజూ పొద్దున్నే వెళ్లి అడుక్కోవాలి.

తులసికోట
అయితే వార్‌లాక్‌ది ఫిక్స్‌డ్ డిపాజిట్, క్లెరిక్‌ది రోజుకూలీ అన్నమాట :)

పాతట్రంకుపెట్టె
@తులసికోట మన దేవుళ్లు ఈ ఆటలోకి ఎప్పుడో వచ్చారమ్మా. 1980 నాటి డీటీస్ అండ్ డెమీగాడ్స్ పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, యముడు ఉన్నారు, ఒక్కొక్కరికీ హిట్ పాయింట్లు (ప్రాణబలం అంకెలు) వేసి మరీ. అంటే చంపొచ్చని. యముణ్ణి చంపాక చచ్చినవాళ్ల సంగతేంటని మాత్రం ఎవరూ రాయలేదు.

గోల్కొండ_గాబ్లిన్
గీ ముచ్చట్లల్ల డార్క్ సన్ అనే ఆట లోకం ఎవ్వలూ తీస్తలేరు. 1991ల వచ్చింది. ఆడ దేవుళ్లే లేరు. క్లెరిక్‌లు నిప్పు, నీళ్లు, గాలి, మట్టి, గిట్ల వాటి తానకెల్లి తెచ్చుకుంటరు. టెంప్లర్లకైతే, అంటే రాజు కొలువుల పూజార్లకు, సార్సరర్ కింగ్ అనే మంత్రగాడు రాజు ఇస్తడు. రాజు కోపమైతే బంద్. గది కరెక్ట్ కనెక్షన్, ఎవ్వడు ఆపిండో మొఖం చూసి తిట్టొచ్చు. మీ లాథండర్‌ను తిట్టాలంటే యాడికి పోవాలె?

రూల్స్_రామబాణం
కోపాన్ని డైస్‌కి వదిలేయాలంటే డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే ఆట పద్ధతుంది. క్లెరిక్ ప్రతి స్పెల్‌కీ డైస్ వేయాలి. ఫెయిలైనప్పుడల్లా దేవుడి అయిష్టం ఆ రోజుకి ఒక అంకె పెరుగుతుంది. ఆ అంకెల్లో పడితే శిక్ష. బంగారం అర్పిస్తే మళ్లీ తగ్గుతుంది, 50 నాణేల విలువకి ఒక అంకె. డీఎం మీద ఎవరూ అలగరు, డైస్ మీదే అలుగుతారు.

పొద్దుపొడుపు
ఎవరో స్క్రీన్‌షాట్ పంపారు. ఆ క్లెరిక్‌ని నేనే.

ముందు గాబ్లిన్. చంపేముందు జోన్ ఆఫ్ ట్రూత్ (నిజం చెప్పించే స్పెల్) వేశాను. రెండో లెవెల్ స్లాట్ ఖర్చుపెట్టి. "వదిలేస్తే ఏం చేస్తావ్?" అనడిగాను. బావ ఆ గాబ్లిన్ గొంతుతోనే, పళ్లు బయటపెట్టి మరీ, "మావాళ్లకి ఆ ఊరి దారి చూపిస్తా" అన్నాడు. తట్టుకునే రోల్ ఫెయిలైనవాళ్లు ఆ స్పెల్లో అబద్ధం ఆడలేరు. కింద ఊళ్లో నలభై ఇళ్లు. నాక్కూడా సరదాగా ఏం లేదు. పైన ఈ ముక్క ఎక్కడైనా రాశాడా?

ఇక దీపం. రెండు నెలల కిందట మన పార్టీ రోగ్ (దొంగ పాత్ర) చచ్చిపోయింది గుర్తుందా బావా? నా దగ్గర చచ్చినవాళ్లని లేపే రివివిఫై స్పెల్ ఉంది, దానికి కావాల్సిన 300 బంగారు నాణేల వజ్రం లేదు. నిమిషం లోపల వెయ్యాలి. మీరందరూ సంచులు వెతుకుతుండగానే నిమిషం దాటిపోయింది. ఆ రోగ్‌ని ఆడింది మా అక్క. ఆ తర్వాత బార్డ్ (పాటలు పాడే పాత్ర) తయారుచేసుకుంది, ఆ బార్డ్‌కి హిట్ పాయింట్లు ఇంకా తక్కువ. దీపానికి 240 వచ్చింది, నావి 60 వేసి వజ్రం కొన్నాను. నా షీట్ వెనక పెన్సిల్‌తో రాసుంది, చూసుకో.

లాథండర్ కొత్త జీవితం దేవుడని నువ్వే పైన రాశావు. పాడుబడ్డ గుడిలో దుమ్ము పట్టిన దీపం కావాలో, మనిషి ప్రాణం కావాలో, ఆయన్ని అడిగావా?

పెసరట్టు_పాలడిన్
...

ఎబరాన్_రైలు
నేను మతం మార్చుకుంటున్నా. లాథండర్‌కి జై.

గోల్కొండ_గాబ్లిన్
కేసు వాపస్ తీసుకోను. ఆ గాబ్లిన్‌కు గుడ ఇల్లు ఉంటది. గని దీపం ముచ్చటల మాత్రం నువ్వే కరెక్ట్ తమ్మీ.

నిద్రలేని_డీఎం
షీట్లు మా ఇంట్లోనే ఫైల్లో ఉంటాయి. ఇప్పుడే తీసి చూశాను. వెనక మూలకి చిన్నగా, "వజ్రం 1 – అక్కకి". పక్కనే 300 కొట్టేసి మళ్లీ 300 రాసుంది, కూడిక చూసుకున్నట్టున్నాడు.

రేపు రాస్తాను.

నిమ్మకాయ_నెక్రోమాన్సర్
పాపం. ఇవాళ గరిటె చప్పుడు ఎలా ఉందో.

పాతట్రంకుపెట్టె
డీఎం గారూ, పూర్తిగా వెనక్కి తగ్గక్కర్లేదు. దీపం పోయింది నిజం, ఎవరో ఒకరు అడగాలి. ఆ మూడంచెల లెక్కే వాడుకోండి. 1, 2 అతని సొంతం, వాటి జోలికి వెళ్లొద్దు. మూడో లెవెల్ తెచ్చే దూతని మాత్రం గుమ్మంలో నిలబెట్టండి. మాట్లాడుకోనివ్వండి. రివివిఫై మూడో లెవెలే, గుర్తుంచుకోండి.

రూల్స్_రామబాణం
1979 రూల్‌ని 2014 ఆటలోకి తేవడమా? రూల్స్ ప్రకారం నేను ఒప్పుకోను. అయినా తెచ్చుకోండి.

డల్లాస్_డంజన్
ముందు ఫోన్ చేసి అతనికి చెప్పి చెయ్యండి. మళ్లీ సర్‌ప్రైజ్ సీన్ వద్దు.

నిద్రలేని_డీఎం
శనివారం ఆడాం. ముందే ఫోన్ చేశాను, మూడో రింగుకి ఎత్తాడు. ఆపేయడం నా తప్పేనన్నాను, ఈ దూత సంగతి కూడా చెప్పాను. "రానీ బావా, చూద్దాం" అన్నాడు.

ఆటలో తెల్లారింది. ఒకటి, రెండు లెవెల్ స్పెల్స్ మామూలుగా వచ్చేశాయి. మూడోదానికి మంచులోంచి ఓ చిన్నపిల్ల వచ్చింది. ఖాళీ చేతుల్ని దీపం పట్టుకున్నట్టే పట్టుకుని, "మా దీపం ఏదీ?" అనడిగింది. పర్సుయేషన్ రోల్ (ఒప్పించగలడో లేదో డైస్ వేయడం) అడుగుదామని నేను డైస్ అతని వైపు తోశాను. అతను తీసుకోలేదు. మా ఇంట్లో చక్కెర డబ్బాలోంచి పటికబెల్లం ముక్క తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టి, "ఇదిగో. ఇందాకటిదాకా దీపమే" అన్నాడు.

తర్వాత ఆ పిల్ల ఏమనాలో నేను రాసుకోలేదు. ఈలోపు మా ఆవిడ, బార్డ్‌గా కాదు, మా ఆవిడగానే, "ఇచ్చేయమనండీ పాపం, పొద్దున్నే చలిలో నిలబడింది" అంది. అందరం నవ్వాం. పిల్ల వజ్రం ముట్టుకోలేదు. గుమ్మం మీద వేలితో "దీపం 1, బాకీ" అని రాసి వెళ్లిపోయింది. రివివిఫై వచ్చింది. ఆ గుడిలో మళ్లీ దీపం పెట్టేదాకా బాకీ ఉంటుంది.

పెసరట్టు_పాలడిన్
ఆ పటికబెల్లం ఏమైంది?

నిద్రలేని_డీఎం
మా ఆవిడ తినేసింది. ఆటలో వజ్రం మాత్రం ఉంది.

గోల్కొండ_గాబ్లిన్
అంతా మంచిగనే ఉంది గని, మా గాబ్లిన్ సంగతి ఆ పిల్ల అడగనే లేదేంది?

నిద్రలేని_డీఎం
అది వేరే డిపార్ట్‌మెంట్. వచ్చే శనివారం.

పొద్దుపొడుపు
జోన్ ఆఫ్ ట్రూత్ మర్చిపోయినట్టు ఇంకా ఒప్పుకోలేదు చూడండి.